కుక్కకు నేను జమానత్

మా ఇంటాయన కొత్తకోటకు చీరలియ్యనీకి పోయి కుక్కను తోల్కొని వచ్చిండు. ఉప్పు తెమ్మంటే యాది మరిచి ఒట్టి చేతులతోని వచ్చే మనిషి, కుక్కను మాత్రం ఎవ్వలు అడగకున్నా తెచ్చిండు. బస్సు కండక్టరు ఎక్కనియ్యలేదంట. పల్లికాయ బస్తాల లారీ మీద కూసోని, ఒక చేతిల ఖాళీ సంచి, ఇంకో చేతిల తాడు పట్టుకొని గద్వాల దాంక వచ్చిండు. దిగి మా వీధికి నడిచొస్తుంటే ఆయన కంటె ముందుగాల్నే తలుపులు ఒక్కొక్కటి మూసుకున్నయంట. నాకేం తెల్వదు. నేను మగ్గం గుంటల కాళ్ళు పెట్టుకొని నేస్తున్న.

తలెత్తితే గడప కాడ దూడ తలంత తల. "వామ్మో!" అని చేతిలున్న, పోగు నడిపే నాడె ఇసిరేసిన. అది పోయి గోడకు తాకి కింద పడ్డది. కుక్క అటు దిక్కు చూసింది, మళ్ళ నా దిక్కు చూసింది, గంతే.

"ఏందయ్యా ఇది?"

"కుక్క."

"నాకు కండ్లున్నయి. ఎందుకు తెచ్చినవ్?"

"పాపం," అన్నడు.

మా ఆయన ఏ పని చేసొచ్చినా ఆఖరుకు చెప్పే కారణం గదొక్కటే. పాపమని ఎవరికో గొడుగిచ్చి తడుసుకుంట వస్తడు. పాపమని పుచ్చిన వంకాయలు కొనుక్కొస్తడు, అమ్మేది ముసలమ్మ అని. ఇప్పుడు కుక్క. ఆడ లారీలాగే దాబా హోటలు ఎన్క కట్టేసి ఉండెనంట. అది పందాల కొట్లాడే కుక్క, ఆఖరి పందెంల ఓడిపోయింది. దాని యజమాని "రేపింత మందు పెట్టి పారేస్త, కావాలంటె నువ్వు తీస్కపో" అన్నడంట. వేరేటోళ్ళైతే అయ్యో అని చాయ తాగి లేచి వస్తరు. మా ఆయన తాడు ఇప్పుకొని వచ్చిండు.

ఎనభైల ఆఖరు మాట ఇది. ఉగాది అయి పది దినాలు గూడ గాలేదు. కుక్క రంగు జొన్నరొట్టె రంగు. చెవులు మొదలుకంట కోసేసిండ్రు. పై పెదవి ఒక దిక్కు చీలి మళ్ళ అతికింది. మెడ మీద, ముంగటి కాళ్ళ మీద పాత గాయాల మచ్చలు లెక్కలేనన్ని. నాకు చిన్నప్పటి సంది కుక్కంటె పానం పోతది. మూడు దినాలు మా ఆయనతోని మాట్లాడలేదు. అన్నం పళ్ళెం టక్కున పెట్టి పోతుంటి. ఆయన తినుకుంట "ఉప్పు జర తక్కువైంది" అన్నడు. నీ ఇల్లు బంగారం గాను, ఉప్పు తెచ్చినవా నువ్వు అని నేను లోపల్లోపల్నే అనుకున్న.

మా అత్తకు మాత్రం భయం లేదు. ఆమెకు దేనికీ భయం లేదు. పడుగుకు కాసిన గంజిల మిగిలింది ఒక మట్టి చిప్పల పోసి దాని ముంగట పెట్టింది. అది మొదలు ఆమె మొఖం చూసింది, తర్వాత గంజి చూసింది, తర్వాత తాగింది. చిప్పను కడిగినట్టు నాకి పెట్టింది. "తిండి పెట్టినంక పొమ్మనొద్దు," అన్నది మా అత్త. ఇగ ఆ ఇంట్ల నా మాట ఎక్కడ నడుస్తది?

దాని సంగతుల నన్ను అన్నిటికంటె పరేషాన్ చేసింది ఏందంటే, అది మొరగదు. మొరిగే కుక్క కరవదంటరు. మరి మొరగని కుక్క ఏం చేస్తదో ఎవ్వలూ చెప్పలేదు. ఎవరన్న మా గడప ఎక్కితే లేచి నిలవడి వాళ్ళ కండ్లల్లకు చూస్తది. వచ్చినోళ్ళు వచ్చిన పని మరిచిపోయి ఎన్కకు పోతుండిరి. బాకీ పేక నూలు అడగనీకొచ్చిన పక్కింటామె సుత అట్లనే పోయింది, గది ఒక్కటి మాత్రం నాకు జర బాగనే అనిపించింది.

వీధి ఊకుంటదా? మా వీధిల కుక్క అంటె ఒట్టి కరుసుడు భయం గాదు. పొద్దు పొడవకముందే మా నేతోళ్ళల్ల పడుగులు సాపుతరు. పడుగంటె చీరకు పడే నిలువు పోగులు, వేలకు వేలు. వీధిల ఈ కొసకు ఒక గుంజ, ఆ కొసకు ఒక గుంజ పాతి, నడుమ నడుమెత్తున గట్టిగ గుంజి కడతరు. గంజి పూసి, ఇద్దరు చెరో దిక్కు నిలవడి కుంచెతోని దువ్వుతరు. ఎండ ముదరకముందే ఆరాలె. తడి పోగుల మీదికి కోడి ఎగిరినా పోగులు తెగుతయి, వాటిని ముడేసుకుంట దినమంత కూసోవాలె. అందుకే పడుగు దాటుడు, కిందికెల్లి దూరుడు మా దాంట్ల లేదు. కులపెద్ద అయినా, నిన్నగాక మొన్న నడక నేర్చిన పిల్ల అయినా, కల్లు తాగి తూలుకుంట వచ్చినోడైనా సరే, గుంజ దాంక పోయి చుట్టు తిరిగి రావాలె. తాగినోళ్ళు ఇల్లు మరుస్తరు గని మా వీధిల పడుగు మరవరు. అసువంటి వీధికి పందెం కుక్కొచ్చింది.

వారం తిరగకముందే మమ్మల్ని నేతోళ్ళ సంగం షెడ్డు కాడికి పిలిచిండ్రు. కులపెద్ద మా ఎదురింటాయన, మా మామ లేడు గనుక నాకు మామ లెక్కనే. ఆయనకు కుక్కంటె నాకంటె ఎక్కువ భయం. చిన్నప్పుడు ఒక కుక్క పిక్క పట్టుకుంటే బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు పొడిచిండ్రు. యాభై ఏండ్లైనా ఆ మచ్చ అందరికి చూపిస్తడు, పంచె జర పైకి గుంజి. ఆ పొద్దు గూడ చూపించిండు.

"అది కొట్లాటకు పెంచిన జాతి," అన్నడు. "నెత్తురు రుచి తెలిసింది. పొద్దుగాల పడుగులు సాపినప్పుడు దాని మీదికి ఇంకో కుక్కొస్తే ఊకుంటదా? పడుగులు పోతయి, పోరగాండ్లు గూడ ఉన్నరు. ఎక్కడికెల్లి తెచ్చినవో ఆడ్నే ఇడిసిపెట్టి రా కొడుకా."

మా ఆయన నేల చూపు చూసిండు. ఆడ ఇడిసిపెడితే మందు పెడతరని ఆయనకు ఎర్కనే, గని పెద్దల ముంగట నోరు రాదు. గప్పుడే ఎన్కకెల్లి ఎవరో నవ్వుకుంట అన్నరు, "ఆ ఇంట్ల మొగోడు పాపమంటడు, ముసల్ది గంజి పోస్తది, అది కొంప గాదు, ధర్మసత్రం."

ఇగ నాకు మండింది. ఇంట్ల నేను మొగున్ని తిట్టుకుంట, గది నా ఇష్టం. బయటోళ్ళు అనుడేంది? "ధర్మసత్రమైతె ఏమాయె, మీ లెక్క తలుపు మూసుకోలేదు గద! ఆ కుక్కకు నేను జమానత్, ఏమైనా పూచీ నాదే!" అన్న. అన్నంక నా నోరు నేనే మూసుకున్న. అయిపోయింది, పెదవి దాటింది.

కులపెద్ద నా దిక్కు చూసిండు. "నిజంగనే అంటున్నవా కోడలా?"

"అన్న గద."

"అయితే విను. శ్రావణంల జంజిరాల పున్నమి దాంక గడువు. ఈ లోపల అది ఒక్క పడుగు దాటినా, మనిషినిగాని జీవాన్నిగాని నోట పట్టినా, నీ చేత్తోని నువ్వే తాడు పట్టుకొని కుక్కల బండికి అప్పజెప్పాలె. వేరేటోళ్ళ చేత గాదు, నీ చేత్తోనే."

కుక్కల బండంటె ఏందో ఆ రోజుల్ల అందరికి ఎర్కనే. మెడల మున్సిపాలిటీ బిల్ల లేని కుక్కల్ని పట్టుకొని పోతరు, పోయినవి తిరిగి రావు. నేను సరే అన్న. ఇంటికొచ్చి మా అత్తకు చెప్తె, "మంచిగనే అన్నవ్," అన్నది. మా ఆయన ఆ దినం ఉప్పు తెచ్చిండు.

జమానత్ ఉన్నంక పని కావాలె గద. మొదలు పశువుల దవాఖానల సూది ఏపిచ్చినం. డాక్టరు దూరంకెల్లే "మూతి కట్టుండ్రి, మూతి కట్టుండ్రి" అని ఒకటే లొల్లి. మా అత్త దాని తల ఒళ్ళ పెట్టుకొని కూసున్నది. సూది దిగేటప్పుడు డాక్టరు కండ్లు మూసుకున్నడు గని కుక్క మూసుకోలేదు. తర్వాత లైసెన్సు బిల్ల కోసం మున్సిపాలిటీ ఆఫీసుకు పోయినం, నేను, మా ఆయన. ఆడ గుమస్తా రిజిస్టరు తెరిచి, "జాతి?" అని అడిగిండు.

"పద్మ..." అని మా ఆయన మా కులం చెప్పబోయిండు.

"నీది గాదయ్యా, కుక్కది!"

మాకు తెల్వదన్నం. బయట కట్టేసిన కుక్కను గుమస్తా కిటికీలకెల్లి చూసి, కుర్చీ జర ఎన్కకు జరుపుకున్నడు. "నాటు అని రాస్త, ఏ తకరారు లేదు," అన్నడు. నేను ఊకోక అడిగిన, "సారూ, పందెం కుక్కను పెంచుకునుడు తప్పా? చట్టం ఏమంటది?" ఆయన కలం కింద పెట్టిండు. "జీవాలను కొట్లాటకు పెట్టుడు నేరమమ్మా. పెట్టినోనిది నేరం. కొట్లాడిన జీవానిది గాదు. పెంచుకునుడు తప్పు గాదు, గని అది ఎవల్నన్న కరిస్తే మాత్రం బాధ్యత మీదే." ఆ మాట నేను ఇంటి దాంక మనసుల అనుకుంటనే వచ్చిన. పెట్టినోనిది నేరం, కొట్లాడినదానిది గాదు. ఇత్తడి బిల్ల దాని మెడల కడుతుంటే మొదటిసారి దాని తల మీద చెయ్యి పెట్టిన. గట్టిగ, ఎచ్చగ ఉండె. చెయ్యి తీయలేదు.

తాడు మా అత్త పేనింది. చీర దించినంక మగ్గం మీద తుంట పోగులు మిగులుతయి, ఎందుకూ పనికి రానివి. వాటిని కూడగట్టి మూడు పేటల తాడు చేసింది. ఇనుప గొలుసు తెంపేటంత బలమున్న కుక్కకు నూలు తాడేందని వీధంత నవ్విండ్రు. మా అత్త ఏమన్నదంటే, "గొలుసు గుంజితె అది గుంజుతది. నూలు గుంజితె తెగుతదని దానికీ తెలుస్తది." నిజం చెప్పాలంటే గా మాట నేను నమ్మలేదు.

పొద్దుగాల పడుగు సాపంగనే ఆమె గుంజ కాడ కూసుంటది, పక్కకు కుక్క. అది ముంగటికి అడుగేస్తె "ఊఁ" అంటది, అంతకు మించి ఒక్క మాట లేదు. అటు దిక్కు పోవాలంటె ఆమె లేస్తది, తాడు పట్టుకొని గుంజ చుట్టు తిప్పుకొని పోతది. మళ్ళ రావాలంటె మళ్ళ చుట్టు తిప్పుడే. నేను కుంచె పట్టుకొని దువ్వుకుంట చూస్తుంటి. ఒక ముసలామె, ఒక కుక్క, పనిలేనట్టు దినాం పది మాట్ల పడుగు చుట్టు తిరుగుతరు. "అత్తా, గుడి చుట్టు ప్రదక్షిణలు జేసినా పుణ్యమొస్తుండె," అన్న. "దీనికి గూడ వస్తది తియ్," అన్నది.

జేష్ఠంల మా తమ్ముని కొడుకు పుట్టెంటికలని పుట్టింటికి, కొత్తకోటకు, పోయిన. పని అయినంక మా అన్నను ఎంటేసుకొని ఆ దాబాకు పోయిన. నా మనసుల ఒక్కటే గుబులు. జమానత్ ఉన్న గని దేనికి ఉన్ననో నాకే తెల్వదు. కుక్క యజమాని ఆడ లేడు. ఒక పంజాబు లారీ డ్రైవరు, తెల్లగడ్డపాయన, మంచం మీద కూసోని చాయ తాగుతుండు. మా అన్న ఉర్దూల అడిగితే, ఆయనకు ఆ కుక్క మంచిగ ఎర్కనే ఉండె.

"అది బుల్లీ కుత్తా," అన్నడు. "మా దిక్కు జాతి. ఎన్కట జమీందార్లు అడవిపంది వేటకు, ఇంటి కావలికి పెంచుతుండిరి. తర్వాత పందాలకు దించిండ్రు. పక్క కుక్కకు దొరకొద్దని చెవులు కోస్తరు, పాపిష్టోళ్ళు. ఒక్క ఇంటినే నమ్ముతది. కొత్తోళ్ళను నమ్మదు, నవ్వదు. కట్టేసి పని లేకుండ ఉంచితె పిచ్చిది అయితది. పని చెప్తె పానమిస్తది బేటీ."

"మరి పందెంల ఎందుకు ఓడింది?" అని అడిగిన.

ఆయన నవ్విండు. "ఓడలేదు బేటీ. గెలిచేదే. అవతలి దాని గొంతు పట్టింది. అది కుయ్యోమని ఏడ్చింది. ఇది ఇడిసిపెట్టి ఎన్కకొచ్చి నిలవడ్డది. ఇడిసిన కుక్క ఓడినట్టు లెక్క. మళ్ళ దింపినా మళ్ళ ఇడిసింది. అందుకే పనికి రాదన్నడు వాడు."

మా అన్న ఇంకేందో అడుగుతుండు గని నాకు ఇనవడలేదు. కండ్లల్ల నీళ్ళొచ్చినయి. నేను ఏడ్చే మనిషిని గాదు, మిర్చి పొగకు గూడ ఏడ్వను. బస్సుల గద్వాలకు వస్తున్నంత సేపు, దిగంగనే వీధంత తిరిగి ఈ సంగతి చెప్పాలె అనుకున్న. చెప్పిన గూడ. కులపెద్ద విని, "లారీ డ్రైవరు మాటలు," అని ఒక్క మాటల కొట్టిపారేసిండు.

ఆషాఢంల రెండు దినాలు ముసురు పట్టింది. మూడో దినం తెరిపిచ్చింది. శ్రావణం పెండ్లిళ్ళ చీరలు అందరికీ ఆలస్యమైనయి గనుక ఆ పొద్దు వీధిల పడుగులే పడుగులు. మా ఇంటి ముంగట కులపెద్దది, పొడుగుది. అటు దిక్కు నిలవడి ఆయన కుంచె పట్టిండు, ఆయన కొడుకు ఇంకో కొసకు ఉండె. ఇటు దిక్కు మా గడప కాడ నేను కుక్క తాడు పట్టుకొని కూసున్న. మా అత్త లోపల గంజి దించుతుంది.

గప్పుడే అటు దిక్కున్న హోటలు సందులకెల్లి రెండు కుక్కలు బొక్క కోసం కొట్లాడుకుంట వచ్చినయి. ఒకటి నల్లది, మస్తు బలిసింది, హోటలు ఎంగిలి తిని తిని. ఒకదాని మీద ఒకటి పొర్లుకుంట సీదా కులపెద్ద కాళ్ళ దిక్కు వస్తున్నయి. ఆయన ఎన్క తడి పడుగు. ఆయనకు పారిపోనీకి తావు లేదు. కుంచె చేతిల పట్టుకొని కట్టె లెక్క నిలవడిపోయిండు. మొఖంల నెత్తురు చుక్క లేదు.

నేను లేచి "హచా! హచా!" అని రెండు చేతులు ఊపిన. రెండు చేతులు! తాడు కింద పడ్డది. ఇంత బతుకు బతికి ఆ పొద్దు అంత తెలివితక్కువ పని చేసిన.

మా కుక్క లేచింది. "తాడు పట్టు, పట్టు!" అని ఎవరో ఒర్లిండ్రు. నేను ఒంగి తాడు అందుకునే లోపల అది పడుగు కాడికి పోయింది. ముక్కు పోగులకు బెత్తెడు దూరంల ఉంది. కింద దూరితె రెండు అంగల్ల అవతల ఉంటది. ఇగ అయిపోయింది అనుకున్న. నా నోటి దూల దాని పానం మీదికి తెచ్చిందని కండ్లు గట్టిగ మూసుకున్న.

ఏ పోగు తెగిన చప్పుడు రాలేదు. కండ్లు తెరిస్తె, కుక్క తల తిప్పి పడుగు పక్కకెల్లి గుంజ దిక్కు ఉరుకుతుంది. వీధి కొస దాంక పోయింది. గుంజ చుట్టు తిరిగింది. అటు దిక్కుకెల్లి మళ్ళ అంత దూరం ఉరికొచ్చింది. మా వీధిల పుట్టిన మనిషి లెక్క, ఒక్క అడుగు తక్కువ లేకుండ. నేను గూడ ఉరికిన, నేను గూడ చుట్టు తిరిగే ఉరికిన, పానం పోతున్నా పడుగు కింద దూరుతమా మేము? ఇప్పుడు యాది చేసుకుంటె నవ్వొస్తది. ముంగట కుక్క, ఎన్క నేను, నా ఎన్క కొంగు ఊడిపోయిన మా అత్త గంజి గరిటతోని.

కుక్క పోయి కులపెద్దకు, ఆ రెంటికి నడుమ నిలవడ్డది. ఒకటి చూసుడుతోనే తోక ముడిచి పోయింది. నల్లది పోలేదు, మీదికి దుంకింది. మా కుక్క దాని మెడ నోట పట్టి కింద ఒత్తింది. నల్లది పెట్టిన కుయ్యోమను ఊరంత ఇనవడ్డది. కులపెద్ద కొడుకు కట్టె ఎత్తిండు. "కొట్టకురా!" అని నేను ఒర్లుకుంట వస్తున్న, ఇంకా పది అడుగులు ఉన్న.

అది ఇడిసిపెట్టింది. తనంతట తనే. నల్లది లేచి ఒక్క ఉరుకు ఉరికి హోటలు సందుల కలిసింది. మా కుక్క ఎగవోసుకుంట కులపెద్ద కాళ్ళ కాడ కూసున్నది. ఆయన చేతిల కుంచెకెల్లి గంజి దాని ఈపు మీద చుక్క చుక్క పడుతుంటె గూడ కదల్లేదు.

వీధోళ్ళు జమైండ్రు. పడుగు దాటలేదని అందరు ఒప్పుకున్నరు, ఒప్పుకోక ఏం చేస్తరు, అందరి కండ్ల ముంగటనే చుట్టు తిరిగింది. గని ఒకాయన అన్నడు, "జీవాన్ని నోట పట్టొద్దని గూడ మాట ఉండె గద." ఆయనను నేను ఆ దినం తిట్టిన తిట్లు ఇక్కడ రాస్త లేను. గని మాట మాటే. తాడు చేతికి చుట్టుకొని నిలవడ్డ. మా ఆయన వచ్చి నా పక్కకు నిలవడ్డడు.

కులపెద్ద కుంచె కొడుకు చేతికిచ్చి, హోటలు సందులకు పోయిండు. కుక్కలంటె సచ్చేంత భయమున్న మనిషి, ఆ నల్లదాన్ని ఎతుక్కుంట పోయి, పొయ్యి ఎన్క దాక్కున్నదాని మెడ ఒంగి చూసి వచ్చిండు.

"మెడంత తడిసింది. ఒక్క పన్ను దిగలేదు," అన్నడు. "నోట పట్టింది నిజమే. ఇడిసింది గూడ నిజమే. చిన్నప్పుడు నన్ను పట్టిన కుక్క నలుగురు కట్టెలతోని కొడితే గని ఇడ్వలేదు," అన్నడు. అలవాటు కొద్ది పంచె పైకి గుంజబోయి ఊకున్నడు. "గడువు పున్నమి దాంక ఉంది గద. పోయి పని చూసుకోండ్రి, గంజి ఆరిపోతుంది."

పున్నమి దాంక నాకు అన్నం మింగుడు పడలేదు. ఆయన ఏమనుకుంటుండో తెల్వదు. మొఖం చూస్తె గోడను చూసినట్టే ఉంటుండె.

ఆ కుక్క తర్వాత ఏడేండ్లు బతికింది. తొంబైలల్ల ముసల్దై, కండ్లు మసకలైనంక గూడ పడుగు లేని దినాన సుత గుంజల చుట్టు తిరిగే పోతుండె. గదంత తర్వాతి మాట. నేను చెప్పాల్సింది ఆ పున్నమి మాట.

జంజిరాల పున్నమి మాకు పెద్ద పండుగ. ఆ దినం మొగోళ్ళు పాత జంజిరం, అంటె జంద్యం, తీసి కొత్తది ఏసుకుంటరు. కులపెద్ద ఇల్లిల్లు తిరిగి మగ్గానికి, ఇంటోళ్ళ చేతికి నూలు రక్ష కడతడు. మా ఇంటికి రానే వచ్చిండు. మగ్గానికి కట్టిండు. మా అత్తకు, మా ఆయనకు కట్టిండు. నేను చెయ్యి చాపిన గని నా చూపు ఆయన మొఖం మీదనే ఉంది. నాకు గూడ కట్టిండు. ఇగ చెప్పు మామా, ఏదో ఒకటి చెప్పు అని లోపల మొత్తుకుంటున్న.

ఆయన చేతిల ఇంకో పోగు ఉండె. పోయి కుక్క ముంగట మెల్లగ గొంతు కూసున్నడు. కుక్క ఆయన కండ్లల్లకు చూసింది. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి ఇత్తడి బిల్ల పక్కకు రక్ష కట్టి, చెయ్యి తీయకుండ దాని మెడ మీదనే పెట్టుకొని కూసున్నడు.

"మామా, మరి నా జమానత్?" అని అడిగిన.

"జమానత్ బయటోళ్ళకు అడుగుతరు," అన్నడు తల తిప్పకుండనే. "మన వీధోళ్ళకు ఎవరన్న అడుగుతరా కోడలా?"

మా అత్త గంజి చిప్ప తెచ్చి ఆయన చేతికిచ్చింది, ఆయనే కుక్క ముంగట పెట్టిండు.